బీగమును, ముద్రయు, గడువును



మా ఊరు డోన్. రైలుబండి యెక్కి నాలుగూళ్లు తిరిగిన పెద్దలకు ఈ జంక్షను పేరు క్రొత్త కాదు. ఒంటిదారి మార్గములపై పూర్వము బండ్లు నడచిన పద్ధతిని మీలో పలువురు కన్నులార చూచియుందురు. వలయమునకు కట్టిన తోలుసంచిలో ఒక లోహపు గుండు నుంచి స్టేషనులో డ్రైవరు చేతికందించువారు. దానికి టోకెను అని పేరు. అది చేతికి వచ్చువఱకు, ఎదుట పట్టాలు ఎంత ఖాళీగా కనుపించినను, డ్రైవరు బండిని కదల్పడు. ఈ స్టేషనులోని పెట్టెయు ఆవలి స్టేషనులోని పెట్టెయు తీగచే జతపడియుండును. ఒక గుండు బయటికి వచ్చినచో, అది తిరిగి పెట్టెలో చేరువఱకు రెండవ గుండు వెలికి రాదు. కంటికి దారి బాగున్నదని తోచినంతమాత్రమున నమ్మక, చేతికందిన గుర్తును మాత్రమే నమ్ముట ఆ పద్ధతికి ప్రాణము.

ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచినదియు అట్టి గుర్తును గూర్చియే. వెబ్ సర్వరు అను యంత్రమునకు సర్టిఫికెట్టు అమర్చుట యెట్లు, అది యెందులకు, అది లేనిచో నష్టమేమి అను మూడు సంగతులు చెప్పెదను. ఇది పట్టణములలో కంప్యూటర్ల ముందు కూర్చుండువారి గొడవ గదా, మాకేల యని మీరు తలపవచ్చును. కాని మన రాష్ట్రమున రిజిస్ట్రేషను ఆఫీసులలోనికి కంప్యూటర్లు 1998లోనే వచ్చినవి. 2011లో మీసేవ వచ్చినది. నేడు మన అడంగలు, 1-బి, ఈసీ, పింఛను, పంట భీమా, బ్యాంకు లెక్క యన్నియు ఏదో యొక సర్వరు వాకిటి గుండనే వచ్చుచున్నవి. ఆ వాకిటికి బీగమున్నదా, ఆ బీగము ఎవరిది అని యడుగు హక్కు, మూడెకరముల మెట్టచేను గల రైతుకును కలదు.

సర్వరనగా నేమి? అది పగలనక రేయనక మేలుకొని యుండు గుమాస్తా వంటి యంత్రము. మీరు చేతిఫోనులో నొక పేరు వ్రాసి యడిగినచో, ఎక్కడనో యున్న ఆ యంత్రము మీరడిగిన కాగితమును పంపును. అట్టి యంత్రములలో కొన్ని మైక్రోసాఫ్టు కంపెనీవారి విండోస్ మీద నడచును. అందులో వెబ్ పని చూచు భాగమునకు ఇంటర్నెట్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్ అని పేరు; పనివారు దానిని ఐ.ఐ.ఎస్. అందురు. నేను వృత్తిగా ఎఱిగినది ఈ విండోస్ సర్వరే గనుక దానిని గూర్చియే చెప్పుదును.

మీ ఫోనునకును ఆ సర్వరునకును నడుమ తిన్నని తీగ యొకటి యుండదు. మీ మాట పదిచోట్ల దిగి, పది యంత్రముల చేతులు మారి పోవును. ఇందు రెండు అపాయములున్నవి. మొదటిది, దారిలో ఎవరైన చదువుట. బీగము లేని సైటునకు వ్రాసిన మాట పోస్టుకార్డు వంటిది; సంచి మోయు ప్రతివాడును చదువవచ్చును, తలచినచో ఒక అంకె దిద్దవచ్చును. రెండవది ఇంతకంటెను చెడ్డది. మీరు బ్యాంకు గడప తొక్కితిమనుకొని, బ్యాంకువలెనే బోర్డు కట్టుకొన్న దొంగవాని యింట కూర్చుండి, రహస్యపు మాటను వానికే చెప్పుట. ఉత్తరమును లక్కతో మూసి పంపినను, చేరవలసినవానికి గాక దొంగకు చేరినచో ఆ లక్క యేమి యుపకరించును? కావున మాటను మూయు బీగమును కావలెను. ఇది ఫలానావారి వాకిలియే యని చెప్పు ముద్రయు కావలెను. ఈ రెండు పనులను కలిపి చేయునదే సర్టిఫికెట్టు.

దీని చరిత్రను రెండు మాటలలో చెప్పెదను. 1976లో అమెరికాలో డిఫీ, హెల్‌మన్ అను పండితులు, మున్నెన్నడు చూడని యిద్దఱు మనుష్యులు బహిరంగముగా మాటలాడుకొనుచునే ఒక రహస్యమును కూర్చుకొనగలరని చూపిరి. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అను మువ్వురు రెండు చెవుల బీగమును కల్పించిరి. ఒక చెవి అందఱికి ఇచ్చునది. రెండవది యజమాని యొక్కడే దాచుకొనునది. 1995లో నెట్‌స్కేప్ కంపెనీవారు దీనిని వెబ్బునకు తెచ్చి సెక్యూర్ సాకెట్స్ లేయర్, అనగా ఎస్.ఎస్.ఎల్., అని పేరు పెట్టిరి. 1999లో ఆ పద్ధతిని సంస్కరించి టి.ఎల్.ఎస్. అను వేఱు పేరు పెట్టిరి. పాత ఎస్.ఎస్.ఎల్. లో లోపములు బయటపడగా 2015లో దానిని పూర్తిగా త్రోసివేసిరి. అయినను జనులు నేటికిని ఎస్.ఎస్.ఎల్. సర్టిఫికెట్టు అనియే పిలుచుచున్నారు. ద్రోణాచలమను పేరు కాగితములలో నుండగా డోన్ అను మాటయే నోట నిలిచినట్లు, ఇదియు నిలిచినది.

ఆ రెండు చెవుల సంగతి కొంచెము వినుడు. రెండు పెద్ద సంఖ్యలను హెచ్చించుట యంత్రమునకు లెక్క కాదు. కాని హెచ్చించగా వచ్చిన ఫలమును మాత్రమే చేతికిచ్చి, ఏ రెండింటిని హెచ్చించితిమో చెప్పుమన్నచో, ఆ ఫలము చాలినంత పెద్దదైనయెడల నేటి యంత్రములకును శక్యము గాదు. నేడు వాడుకలోనున్న కనీసపు కొలత 2048 బిట్లు. మన అంకెలలో వ్రాసినచో అది 617 అంకెల పొడవుగల సంఖ్య. సర్వరు తన రహస్యపు చెవితో సంతకము చేసి చూపును. మీ ఫోనులోని బ్రౌజరు బహిరంగపు చెవితో ఆ సంతకమును సరిచూచును. సరిపోయినచో ఇద్దఱును ఆ పూటకు మాత్రమే చెల్లు మఱియొక చెవిని కూర్చుకొని, అటుపై సాగు మాటలన్నిటిని దానితో మూయుదురు. ఇదంతయు మీరు కన్ను మూసి తెఱచునంతలో జరిగిపోవును.

ఇక ముద్ర మాట. నేను ఫలానావాడనని ఎవరైనను చెప్పుకొనవచ్చును. సబ్ రిజిస్ట్రారు ముందర దస్తావేజు పెట్టినపుడు, ఇతడు ఫలానా యని సాక్షులు చెప్పవలెను గదా? వెబ్బున ఆ పని చేయు సంస్థలు వేఱుగా నున్నవి. వానిని సర్టిఫయింగ్ అథారిటీలందురు. మూలముద్ర ఒకటి యుండును. ఆ మూలముద్ర మధ్యముద్రకు సాక్ష్యము. మధ్యముద్ర మీ సర్టిఫికెట్టునకు సాక్ష్యము. ఈ మూలముద్రల పట్టిక మీ ఫోనులోను, విండోస్ యంత్రములోను ముందుగనే వ్రాసిపెట్టియుండును. బ్రౌజరు సర్టిఫికెట్టును చేతబట్టి మెట్టు మెట్టుగా పైకి పోయి, పట్టికలోని మూలముద్ర దొరకినచో లోనికి పొమ్మనును, దొరకనిచో ఆగుమనును.

మన దేశమున 2000 సంవత్సరపు ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టము క్రింద ఇట్టి సంస్థలకు లైసెన్సు లిచ్చుటకై ఒక కంట్రోలరును ఏర్పఱచిరి. హైదరాబాదునందు రిజర్వు బ్యాంకువారు 1996లో నెలకొల్పిన బ్యాంకింగు సాంకేతిక పరిశోధనాసంస్థ, అనగా ఐ.డి.ఆర్.బి.టి., ఆ లైసెన్సు పొంది బ్యాంకులకు సర్టిఫికెట్లు ఇచ్చిన సంస్థలలో నొకటి. ఈ విద్య మన తెలుగునేలకు దూరమైనది కాదని చెప్పుటకే దీనిని పేర్కొంటిని.

ముద్ర వేయువాడే పొరపడినచో నేమగును? ఇది ఊహ కాదు, జరిగినది. 2014 జూలై 2వ తేదీన గూగుల్ కంపెనీవారు, తాము కోరకయే తమ సైట్ల పేరిట సర్టిఫికెట్లు వెలువడియున్నట్లు కనుగొనిరి. అవి మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు క్రింద నున్న సర్టిఫికెట్టు విభాగమునుండి వెలువడినవి. దానికి పైనున్న మూలముద్ర మన కంట్రోలరుది. ఆ మూలముద్ర మైక్రోసాఫ్టువారి పట్టికలో నుండుటచే విండోస్ యంత్రములలోని పెక్కు బ్రౌజర్లు ఆ తప్పుడు సర్టిఫికెట్లను నిజమని నమ్ము స్థితి యేర్పడినది. తన పట్టికలో ఆ ముద్ర నుంచుకొనని ఫైర్‌ఫాక్సు బ్రౌజరునకు ఆ యపాయము కలుగలేదు. మఱునాడే కంట్రోలరు ఆ విభాగపు మధ్యముద్రలను రద్దుచేసెను. పిదప గూగుల్‌వారు తమ బ్రౌజరులో మన మూలముద్ర గవ్.ఇన్ మొదలగు కొన్ని పేర్లకే చెల్లునట్లు కట్టడి చేసిరి. అంతకు మూడేండ్ల ముందు, 2011లో, హాలండు దేశపు డిజినోటార్ అను సంస్థలో దొంగలు చొరబడి తప్పుడు ముద్రలు వేయించుకొనగా, ఆ సంగతి బయటపడిన నెలలోపలనే ఆ సంస్థ దివాలా తీసినది.

ఈ యనుభవముల ఫలముగా ఒక మంచి యేర్పాటు బలపడినది. పూర్వము చావడి ముందర దండోరా వేసి, ఫలానా భూమి ఫలానావారికి పోవుచున్నది, ఆక్షేపణ యున్నవారు చెప్పుడని చాటెడివారు. అట్లే నేడు ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్టును బహిరంగపు చిట్టాలో వ్రాయవలెను. 2018 నుండి క్రోము బ్రౌజరు, చిట్టాకెక్కని క్రొత్త సర్టిఫికెట్టును అంగీకరించుట లేదు. తన పేరిట మఱియెవరికైన ముద్ర పడినదేమో యజమాని ఆ చిట్టాలో వెదకి చూచుకొనవచ్చును.

ఇప్పుడు అమర్చు విధానము. ఈ పని మీరు చేయనక్కఱ లేదు. కాని పాలసంఘమునకో, పాఠశాల కమిటీకో, పరపతి సంఘమునకో పెద్దలై యుండి చేయించువారు మీరు. చేయించువానికి పని వరుస తెలిసిననే గదా చేయువాడు జాగ్రత్తగా చేయును!

మొదటి మెట్టు అర్జీ. విండోస్ సర్వరులో ఐ.ఐ.ఎస్. మేనేజరు తెఱచి, సర్వర్ సర్టిఫికెట్స్ అను చోట క్రొత్త అర్జీ వ్రాయుమని కోరవలెను. సైటు పేరు, సంస్థ పేరు, ఊరు, రాష్ట్రము, దేశము అడుగును. సైటు పేరులో ఒక యక్షరము తప్పినను ఆ సర్టిఫికెట్టు పనికిరాదు. దస్తావేజులో సర్వే నంబరు తప్పినట్లే. చెవి కొలత అడుగు చోట పెక్కు యంత్రములు 1024 అని తామై చూపును. దానిని 2048గా మార్చవలెను. ఈ యర్జీ పుట్టుచుండగనే రెండు చెవులును పుట్టును. బహిరంగపు చెవి అర్జీతో బయటికి పోవును. రహస్యపు చెవి ఆ యంత్రములోనే నిలుచును. దానిని సర్టిఫికెట్టు ఇచ్చు సంస్థకును పంపరాదు. ఎవడైన ఆ చెవిని అడిగినచో, ఆ యడిగినవాని పని యేదియో మంచిది కాదని యెఱుగుడు.

రెండవ మెట్టు రుజువు. ఈ పేరుగల సైటు మీ చేతిలోనిదేనా యని సర్టిఫికెట్టు సంస్థ పరీక్షించును. మేము చెప్పిన యక్షరములను మీ సైటులో నొకచోట నుంచి చూపుడనును, లేదా పేర్ల చిట్టాలో వ్రాసి చూపుడనును. చూపగలిగినచో పేరు మీదేనని యొప్పుకొని సర్టిఫికెట్టు నిచ్చును.

మూడవ మెట్టు, వచ్చిన సర్టిఫికెట్టును అర్జీ పుట్టిన యంత్రములోనే చేర్చుట. ఇందు పలువురు తప్పుదురు. అర్జీ ఒక యంత్రమున వ్రాసి, సర్టిఫికెట్టును వేఱొక యంత్రమున చేర్చినచో, అది జాబితాలో నొక్క క్షణము కనుపించి మాయమగును. రహస్యపు చెవి అక్కడ లేదు గదా! చెవి లేని బీగము వాకిటికి వ్రేలాడి ఫలమేమి? వేఱు యంత్రమునకు మార్చవలసి వచ్చినచో, చెవితో కూడ నొక్క మూటగా కట్టి, ఆ మూటకు గట్టి సంకేతపదము పెట్టి తీసికొనిపోవలెను. ఆ మూటను ఈమెయిలులో పంపుట, పెన్ డ్రైవులో వేసి బల్లమీద మఱచుట, ఇవి ఇంటి చెవిని గడపమీద పెట్టి తిరునాళ్లకు పోవుట వంటివి.

నాలుగవ మెట్టు ముడి. యంత్రములో సర్టిఫికెట్టు చేరినంత మాత్రమున పని తీఱదు. సైటు బైండింగ్సు అను చోట, హెచ్.టి.టి.పి.ఎస్. అను 443వ నంబరు వాకిటికి ఈ సర్టిఫికెట్టును ముడివేయవలెను. ఒకే యంత్రముపై రెండు మూడు సైట్లున్నచో దేని ముద్ర దానికని వేర్వేఱుగా చెప్పు ఏర్పాటు 2012 విండోస్ సర్వరు నుండి కలదు. ఆ 443వ వాకిలి కావలిగోడలో తెఱచియున్నదా యనియు చూడవలెను.

ఐదవ మెట్టు, మధ్యముద్ర. దీనిని చేర్చుట మఱచినచో ఒక విచిత్రము జరుగును. విండోస్ యంత్రము తక్కువైన మధ్యముద్రను తానే వెదకి తెచ్చుకొనును గనుక, అమర్చినవానికి తన బల్లమీద అంతయు బాగుగనే తోచును. పల్లెలోని రైతు చేతిఫోనులో మాత్రము హెచ్చరిక రావచ్చును. కావున పని ముగించినవాడు తన యంత్రమున చూచి తృప్తిపడక, పదివేల రూపాయల ఫోనొకటి తీసికొని, బయటి సిగ్నలు మీద తెఱచి చూడవలెను. అది రైతు చేతిలోని పరీక్ష, అదియే పరీక్ష.

కడపటి మెట్టు, పాత దారులు మూయుట. బీగములేని 80వ నంబరు వాకిట వచ్చువారిని 443వ వాకిటికి మళ్లింపవలెను. పాత ఎస్.ఎస్.ఎల్. పద్ధతులను, 2021లో త్రోసివేసిన టి.ఎల్.ఎస్. 1.0, 1.1 పద్ధతులను ఆపివేయవలెను. 1.2యు, 2018లో వెలువడిన 1.3యు ఉంచవలెను. ముందు వాకిట మంచి బీగము వేసి, పెరటి తలుపు తెఱచియుంచుట తెలివి కాదు గదా.

ఇంతవఱకు చెప్పినది పుస్తకపు పని. ఇక నా తప్పు నొకదానిని మీ యెదుట చెప్పుకొందును.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సంస్థవారి సర్వరును చూచుకొను భారము నామీద నుండెను. రైతులు తమ బాకీ లెక్కలను దానిలో చూచుకొనుచుండిరి. సర్టిఫికెట్టునకు గడువుండును. ఆ గడువు తీఱుటకు పది దినములు ముందే క్రొత్తదానిని తెప్పించి యంత్రములో చేర్చితిని. చేర్చితిని గదా, పని ముగిసినదని తలచితిని. వాకిటికి ముడివేయుట మఱచితిని. క్రొత్త ముద్ర పెట్టెలో భద్రముగా నున్నది. వాకిట మాత్రము పాతదే వ్రేలాడుచున్నది. గడువు తీఱిననాటి యుదయము, ఎవరు తెఱచినను తెరమీద హెచ్చరిక వచ్చినది.

బల్ల వద్ద కూర్చుండు గుమాస్తా మంచివాడే. వేరుసెనగ విత్తు వేళలో పనులు మానుకొని వచ్చిన రైతులను వెనుకకు పంపుటకు ఆతనికి మనసొప్పలేదు. “ఏమీ కాదులెండి, అడుగున చిన్న యక్షరములున్నవి, వానిమీద నొక్కి లోనికి పొండి” అని యందఱికి చెప్పెను. అందఱును నొక్కిరి. ఒక వృద్ధుడు మాత్రము వ్రేలు వెనుకకు తీసికొని, “ఏమప్పా, గడువు చెల్లిపోయిందని పెట్టె చెప్తాంది. ఏమీ కాదని నువ్వు చెప్తాండావు. నేను పెట్టెను నమ్మల్లా, నిన్ను నమ్మల్లా?” అని యడిగెను. గుమాస్తా జవాబు తోచక నాకు ఫోను చేసెను.

ముడి మార్చుటకు నాకు ఐదు నిమిషములు పట్టలేదు. కాని అప్పటికి మూడు గంటలు గడచినవి. ఆ మూడు గంటలలో ఎవరి లెక్కయు దొంగిలింపబడలేదు. అయినను జరిగిన నష్టము చిన్నది కాదని నాకు నానాటికి తెలియవచ్చినది. హెచ్చరిక వచ్చినపుడు లెక్కచేయక నొక్కవలెనని ఆ యుదయము మేము ఆ రైతులకు పాఠము చెప్పితిమి. రేపు నిజముగా దొంగ సైటు ఎదురైనపుడును వారి ఫోను అదే తీరున హెచ్చరించును. అప్పుడు వారు నొక్కుటకు మేము నేర్పిన యలవాటే కారణమగును. టోకెను లేకయే నాలుగుమారులు క్షేమముగా బండి నడపిన డ్రైవరునకు, ఐదవమారు టోకెను అడుగవలెనని తోచునా?

ఆ వృద్ధుడు కంప్యూటరు చదివినవాడు కాడు. విత్తనపు సంచికి కుట్టిన నీలిచీటిని త్రిప్పి గడువు తేదీ చూచినగాని డబ్బు లెక్కపెట్టని తరమువాడు. ఆ చూపుతోనే దీనినిని చూచెను.

ఆ గడువులు ముందు ముందు ఇంకను చిన్నవగును. 2020 సెప్టెంబరు 1 మొదలు ఇచ్చిన సర్టిఫికెట్టునకు హెచ్చుగా 398 దినములు. ఆ సంస్థలును బ్రౌజరు కంపెనీలును కలిసి 2025 ఏప్రిలులో చేసిన తీర్మానము ప్రకారము, 2026 మార్చి 15 మొదలు 200 దినములు, 2027 మార్చి 15 మొదలు 100 దినములు, 2029 మార్చి 15 మొదలు 47 దినములు మాత్రమే. దొంగచేత పడిన చెవి ఎక్కువ కాలము చెల్లకుండుటకే యీ కట్టడి. ఏటికొకసారి గోడ క్యాలెండరులో గుర్తు పెట్టుకొని చేయు పని ఇక సాగదు. 2015 డిసెంబరులో అందఱికి వాకిలి తెఱచిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను ధర్మసంస్థ వెల లేకయే సర్టిఫికెట్లు ఇచ్చుచున్నది. విండోస్ సర్వరులో విన్-ఆక్మే అను సాధనమును నిలిపినచో, అదియే అర్జీ వ్రాసి, రుజువు చూపి, సర్టిఫికెట్టు తెచ్చి, వాకిటికి ముడియు వేయును. నేను మఱచినది అది మఱవదు. అయినను అది పని చేయుచున్నదా యని నెలకొకమారు చూచు మనిషి యొకడు పేరుపేరునా ఉండవలెను. మోటారు తనంతట తిరుగునని బావివైపు పోకుండువాని చేను ఏమగునో మీకు నేను చెప్పవలెనా?

ఇంకొక మాట. బీగమున్నదని చూచి మోసపోకుడు. నీలిచీటి ఆ విత్తనము మొలకెత్తునని చెప్పును. ఈ సర్టిఫికెట్టు అట్లు చెప్పదు. ఈ వాకిలి ఈ పేరుగలవారిదే యని మాత్రమే చెప్పును. దొంగయు తన సొంత పేరుతో సైటు పెట్టి దానికి సర్టిఫికెట్టు తెచ్చుకొనవచ్చును. బీగపు గుర్తును చూచి సైటే మంచిదని జనులు పొరబడుచున్నందున 2023లో క్రోము బ్రౌజరు ఆ గుర్తునే తీసివైచి వేఱొకటి పెట్టినది. కావున హెచ్చరిక లేనప్పుడును పేరు చదువుడు. ప్రభుత్వపుది గవ్.ఇన్ అని ముగియుచున్నదా? బ్యాంకుది బ్యాంక్.ఇన్ అని ముగియుచున్నదా? బ్యాంకులన్నియు 2025 అక్టోబరు 31 లోపల ఆ పేరునకు మారవలెనని రిజర్వు బ్యాంకువారు ఆ సంవత్సరము ఏప్రిలులో ఉత్తరువు చేసిరి. ఆ పేర్లను పంచు పని ఇందాక చెప్పిన హైదరాబాదు సంస్థకే అప్పగించిరి. అడిగినవారికెల్ల ఆ పేరు దొరకదు. పేరు చివర చదువుట అలవాటైనచో సగము దొంగలు మీ గడప యెక్కరు.

మీ సంఘమునకో పాఠశాలకో సర్వరున్నచో, రాబోవు సమావేశమున మూడు ప్రశ్నలడుగుడు. రహస్యపు చెవి ఎవరి యధీనమున నున్నది? గడువు తేదీ యేది, దానిని చూచు మనిషి యెవరు? హెచ్చరిక వచ్చిననాడు జనులకు మనవారు ఏమి చెప్పుదురు? మూడవ ప్రశ్నకు జవాబొక్కటే. ఆగుడు, ఫోనులో తేదీ, గడియారము సరిగా నున్నవేమో చూచుకొనుడు, అవి తప్పినను హెచ్చరిక వచ్చును, అవి సరియైనచో, సరిచేయువఱకు కాగితముమీద పని జరుపుదుము. ఇట్లు వ్రాసి బల్లకెదురుగా గోడకంటింపుడు. నాటి మూడు గంటలకు నేనా కాగితము నంటించియుండినచో ఆ గుమాస్తాకు జవాబు దొరకియుండును.

ఎదుట పట్టాలు ఖాళీగా కనుపించుచున్నవి. వెనుక ప్రయాణికులు తొందరపెట్టుచున్నారు. అయినను టోకెను రానిదే డ్రైవరు కదలలేదు. ఆ నిలుకడను మీ పిల్లలకును, మీ గుమాస్తాలకును నేర్పుడని కోరుచు సెలవు గైకొనుచున్నాను.